బుధవారం రాత్రి తెల్లవారితే గురువారం: ఆఫీసు మెయిలు, క్యాలెండరు మీద మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ ముందేసుకుని కూర్చుంటే ఒకటి అర్థమైంది. ఊళ్లు వేరు, వ్యాపారాలు వేరు, కానీ చాలామంది తలనొప్పి ఒకచోటే మొదలైంది. పనేమో ఆఫీసుది, మెయిలేమో ఎవరో ఒక మనిషి పేరు మీద, ఆ మనిషి ఫోన్ నంబర్ మీద ఉంది. విడివిడిగా జవాబులిస్తున్నా గానీ ఒకరిది ఇంకొకరు కూడా చదవండి, మీ ఇంట్లోనూ అదే పిల్లి ఉండొచ్చు.

ప్రశ్న: మాది మిర్చి ఎగుమతి వ్యాపారం. సంస్థ పేరుతోనే ఒక జీమెయిల్ ఉంది, పదేళ్లుగా బయటి దేశాల పార్టీలన్నీ దానికే రాస్తారు. దాన్ని తెరిచింది అప్పట్లో మా దగ్గర పనిచేసిన కుర్రాడు, ఇప్పుడు మానేసి వేరేచోట చేరాడు. మొన్న కొత్త కంప్యూటర్లో లాగిన్ అవుదామంటే కోడ్ వాడి ఫోన్‌కి వెళ్లింది. ప్రతిసారీ వాడికి ఫోన్ చేసి అడగాలంటే నామోషీగా ఉంది. సొంత పేరుతో మెయిల్ పెట్టుకోమంటున్నారు, అదెంత తతంగం? (గుంటూరు)

జవాబు: నామోషీ సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ కుర్రాడితో మాట బాగున్నప్పుడే పని కానిచ్చెయ్యండి. ఈ వారంలోనే పిలిచి, టీ ఇప్పించి, పక్కన కూర్చోబెట్టుకుని రికవరీ ఫోన్, రికవరీ మెయిల్ (పాస్‌వర్డ్ మర్చిపోతే అకౌంట్ తిరిగి తెచ్చుకునేవి), టూ స్టెప్ వెరిఫికేషన్ నంబర్ (లాగిన్ కోడ్ వెళ్లేది) ఈ మూడూ మార్పించండి, తర్వాత పాస్‌వర్డ్ మార్చి, డివైజ్‌ల లిస్టులో వాడి పాత ఫోన్ ఉంటే సైన్ అవుట్ చేసెయ్యండి. ఎందుకింత తొందర అంటే, ఉచిత జీమెయిల్ మీద కంపెనీకి విడిగా ఏ అధికారమూ లేదు. అకౌంట్ పేరులో మీ సంస్థ పేరున్నా సరే, లెటర్‌హెడ్ మీద రాసి స్టాంపు గుద్ది పంపినా సరే, పాస్‌వర్డూ రికవరీ నంబరూ ఎవరి దగ్గరుంటే అకౌంట్ వాళ్లదే.

ఇక సొంత మెయిల్. ఇందులో రెండు విడి వస్తువులున్నాయి, అందరూ ఇక్కడే కలిపేసి గందరగోళపడతారు. ఒకటి డొమైన్, అంటే మీ సంస్థ పేరు చివర డాట్ కామో డాట్ ఇన్నో ఉండేది, దానికి ఏడాదికోసారి అద్దె. రెండోది మెయిల్ సర్వీసు, అంటే గూగుల్ వర్క్‌స్పేసో, మైక్రోసాఫ్ట్ 365నో, జోహోనో, దానికి మనిషికి ఇంతని నెలనెలా కట్టాలి. రెండింటినీ కలిపేది డొమైన్ సెట్టింగుల్లో ఉండే ఎమ్మెక్స్ రికార్డ్, ఈ పేరుకి వచ్చిన ఉత్తరాలు ఫలానా సర్వర్లో పడెయ్యండి అని చెప్పేది అదే. సర్వీసు నచ్చకపోతే రేపు ఎమ్మెక్స్ మార్చుకుని ఇంకోచోటికి పోవచ్చు, అడ్రస్ మాత్రం మారదు. కాబట్టి అసలు ఆస్తి డొమైనే. దాన్ని వెబ్‌సైట్ చేసిన కుర్రాడి అకౌంట్‌లో కొనిపించారంటే ఇప్పుడున్న కథే మళ్లీ మొదటికొస్తుంది. మీ పేరు మీద, మీ కార్డుతో, మీ ఫోన్ నంబర్‌తో కొనండి, ఆటో రెన్యువల్ పెట్టండి. ఇంకో ముక్క, డొమైన్ అకౌంట్‌కి ఇచ్చే మెయిల్ ఆ డొమైన్‌లోది ఇవ్వకండి. అద్దె కట్టడం మర్చిపోయి డొమైన్ ఆగిందనుకోండి, రెన్యువల్ కోసం వచ్చే మెయిల్ కూడా ఆగిపోయిన డబ్బాలోకే వెళ్తుంది. ఇంటి తాళంచెవి ఇంట్లోనే పెట్టి తలుపు లాగేసినట్టు ఉంటుంది అప్పుడు.

ఎన్ని అకౌంట్లు కొనాలని అడగలేదు గానీ చెప్తా, ఎందుకంటే అమ్మేవాళ్లు చెప్పరు. మీ ఆఫీసులో మెయిల్ చూసేవాళ్లు నలుగురైతే నాలుగే కొనండి. ఎక్స్‌పోర్ట్స్, అకౌంట్స్, ఇన్ఫో ఇలాంటివన్నీ అలియాస్‌లుగానో (అంటే ఉన్న అకౌంట్‌కే ఇంకో అడ్రస్ పేరు) గ్రూపులుగానో (ఒకే అడ్రస్, పలువురికి చేరేది) పెట్టుకోవచ్చు, గూగుల్‌లో ఒక్కో యూజర్‌కి 30 అలియాస్‌ల దాకా అదనపు డబ్బు లేకుండా ఇస్తారు. బయటివాళ్లకి ఇచ్చే అడ్రస్ ఎక్స్‌పోర్ట్స్ అనే ఉండాలి, కుర్రాడి పేరుతో వద్దు. వాడు మానేస్తే ఆ అలియాస్ తీసి కొత్తవాడికి తగిలిస్తే చాలు, పార్టీలకి తెలియను కూడా తెలియదు. మరీ చిన్న వ్యాపారమైతే జోహోలో ఒక డొమైన్‌కి 5 మంది దాకా, తలా 5 జీబీతో ఉచిత ప్లాన్ ఉంది, కానీ అందులో ఐమ్యాప్, అంటే మెయిల్‌ని వేరే ప్రోగ్రాంలో తెరుచుకునే వీలు ఉండదు కాబట్టి అవుట్‌లుక్‌లోకి తెచ్చుకోవడం కుదరదు. డబ్బు కట్టే ప్లాన్ తీసుకుంటే బిల్లింగ్‌లో జీఎస్టీ నంబర్ వెయ్యడం మర్చిపోకండి, లేకపోతే క్రెడిట్ రాదు. అడ్మిన్ అకౌంట్లు రెండుండాలి, ఒకటి మీది, ఒకటి ఇంట్లో నమ్మకస్తులది.

పాత జీమెయిల్‌ని మాత్రం మూసెయ్యకండి. దానికొచ్చేవన్నీ కొత్తదానికి ఫార్వర్డ్ అయ్యేట్టు పెట్టి, జవాబు మాత్రం కొత్త అడ్రస్ నుంచే ఇవ్వండి, పార్టీలకి అదే అలవాటవుతుంది. అప్పుడప్పుడూ లాగిన్ అవుతుండండి, రెండేళ్లు ఎవరూ వాడని అకౌంట్‌ని గూగుల్ తీసెయ్యొచ్చు. బ్యాంకులో, జీఎస్టీలో, ఐఈసీలో (ఎగుమతి దిగుమతుల కోడ్) ఉన్న మెయిల్ కూడా మార్చాలి, ఐఈసీ వివరాలు ఎలాగూ ఏటా ఏప్రిల్ నుంచి జూన్ లోపు అప్‌డేట్ చెయ్యాలి కదా, ఆ చేత్తోనే అదీ కానివ్వండి.

ప్రశ్న: మాది కల్యాణమండపం, నేనూ మా అన్నయ్యా చూసుకుంటాం. చెరో డైరీ ఉంది. పోయిన శ్రావణంలో ఒకే రాత్రికి ఇద్దరం చెరో పార్టీ దగ్గర అడ్వాన్స్ తీసేసుకున్నాం. ముహూర్తం రాత్రి 2.37కి. అన్నయ్య బుధవారం పేజీలో రాశాడు, నేను గురువారం పేజీలో రాశాను. రోజూ రాత్రి డైరీలు సరిచూసుకుంటాం కూడా, అయినా పట్టుకోలేకపోయాం. ఒక పార్టీకి డబ్బు తిరిగిచ్చి పక్క ఊళ్లో హాలు మాట్లాడిపెట్టినా మాటలు తప్పలేదు. ఫోన్లో క్యాలెండర్ షేర్ చేసుకోమని మా అబ్బాయి అంటున్నాడు, దానికి డబ్బు కట్టే సర్వీసు కావాలా? (తణుకు దగ్గర)

జవాబు: అక్కర్లేదండీ. మీ ఇద్దరికీ మామూలు జీమెయిల్ ఉంటే చాలు, షేరింగ్ అందులోనే ఉంది. కానీ ఉన్నపళంగా షేర్ చేసేస్తే ఇదే తప్పు డైరీలోంచి ఫోన్లోకి మారుతుంది, అంతే. ఎందుకంటే ఇక్కడ తప్పు మీదీ కాదు అన్నయ్యదీ కాదు. శుభలేఖలో ఏమని వేస్తారు? "బుధవారం రాత్రి తెల్లవారితే గురువారం" అని. మన లెక్కలో రోజు మారేది సూర్యోదయానికి, ఫోన్ లెక్కలో మారేది రాత్రి 12కి. అన్నయ్య పంచాంగం ప్రకారం రాశాడు, మీరు గడియారం ప్రకారం రాశారు, ఇద్దరూ కరెక్టే, మధ్యలో పెళ్లివారు నలిగారు.

ఇప్పుడు ఫోన్లో కూడా "ఆల్ డే" అని ఒక తేదీ మీద పెళ్లి అని పెట్టేస్తే అదే జరుగుతుంది, ఒకటి బుధవారం గడిలో, ఒకటి గురువారం గడిలో పక్కపక్కన చక్కగా కనిపిస్తాయి, ఎవరికీ అనుమానం రాదు. అందుకని ఆల్ డే వాడనే వాడకండి. హాలు తాళాలు ఇచ్చే టైము నుంచి తాళాలు తీసుకునే టైము దాకా పెట్టండి. బుధవారం మధ్యాహ్నం 12 నుంచి గురువారం పొద్దున 10 దాకా ఒకటే ఈవెంట్. మధ్యలో రెండు గంటలు ఊడవడానికి, కడగడానికి, డెకరేషన్ వాళ్లు పాత పూలు పీక్కుపోవడానికి. అప్పుడు గురువారం 2.37 అని ఎవరొచ్చి అడిగినా, ఆ టైము మీద అడ్డంగా రంగు పరుచుకుని కనిపిస్తుంది. ముహూర్తం టైము పేరులో రాసుకోండి, ఉదాహరణకి "పెళ్లి, 2.37, ఆడపెళ్లివారి ఇంటిపేరు". ఫోన్ నంబరూ, ఎంత అడ్వాన్స్, ఏసీ మాట్లాడారా లేదా అవన్నీ కింద వివరాల్లో.

ఎలా పెట్టాలంటే, ఇది కంప్యూటర్లో చేస్తే తేలిక. మీ సొంత క్యాలెండర్ షేర్ చెయ్యకండి, అందులో మీ డాక్టర్ అపాయింట్‌మెంట్లూ పుట్టినరోజులూ ఉంటాయి. హాలు కోసం విడిగా కొత్త క్యాలెండర్ ఒకటి తెరిచి దానికి "హాలు బుకింగ్స్" అని పేరు పెట్టండి. సెట్టింగ్స్‌లో అన్నయ్య జీమెయిల్ చేర్చి, ఈవెంట్లు మార్చే అనుమతి ఇవ్వండి. ఆ అనుమతుల్లో నాలుగు మెట్లుంటాయి, ఖాళీయా కాదా అంతవరకే చూడ్డం, వివరాలన్నీ చూడ్డం, మార్చడం, మార్చడంతోపాటు ఇంకొకరికి షేర్ చెయ్యడం. వంటవాళ్లకీ డెకరేషన్ వాళ్లకీ మొదటి మెట్టు చాలు, ఖాళీలు చూసుకుంటారు, పార్టీ ఫోన్ నంబర్లు కనపడవు. "పబ్లిక్" అనే గడి మాత్రం టిక్ పెట్టకండి, పెడితే లోకంలో ఎవరైనా చూడొచ్చు.

తర్వాత నోటిఫికేషన్లు. ఆ క్యాలెండర్ సెట్టింగ్స్‌లోనే కొత్త ఈవెంట్ పడ్డా, మార్చినా, తీసేసినా మెయిల్ రావాలని పెట్టుకునే వీలుంది, ఇద్దరూ ఎవరి అకౌంట్‌లో వాళ్లు పెట్టుకోండి. పొరపాటున ఎవరైనా డిలీట్ చేస్తే కంగారుపడకండి, దాదాపు 30 రోజుల పాటు ట్రాష్‌లో ఉంటుంది, తెచ్చుకోవచ్చు.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. ఈ మామూలు క్యాలెండర్ డబుల్ బుకింగ్‌ని ఆపదు. ఒకే టైముకి పది పెళ్లిళ్లు పెట్టినా సరేనంటుంది, పక్కపక్కన చూపిస్తుంది అంతే. ఆపేది కావాలంటే వర్క్‌స్పేస్‌లోనో మైక్రోసాఫ్ట్ 365లోనో రూమ్ రిసోర్స్ అని ఉంటుంది, హాలునే ఒక మనిషిలాగా క్యాలెండర్‌లో చేర్చి, బుకింగ్ పంపితే ఖాళీగా ఉంటే ఒప్పుకుంటుంది, లేకపోతే తనే కాదంటుంది. మూడు నాలుగు హాళ్లు, గెస్ట్ రూములు ఉన్నవాళ్లకి అది బాగుంటుంది, మీ ఒక్క హాలుకి అంత అవసరం లేదు. మీరు పెట్టుకోవాల్సిన కట్టుబాటు ఒకటే, క్యాలెండర్‌లో ఎక్కించాకే డబ్బు చేతిలోకి. మండపంలో సిగ్నల్ సరిగా రాదని కూడా రాశారు కదా. నెట్ లేనప్పుడు ఎక్కించింది మీ ఫోన్లోనే ఉండిపోయి, సిగ్నల్ దొరికాక అన్నయ్యకి చేరుతుంది. సిగ్నల్ లేకపోతే అన్నయ్యకి మామూలు ఫోన్ కొట్టి "బుధవారం రాత్రి, తెల్లవారితే గురువారం" అని నోటితో చెప్పాల్సిందే, వేరే దారి లేదు. ఖాయమైనవి ఒక రంగు, మాట మాత్రమే అయినవి ఇంకో రంగు. మాటవి మూడు రోజులు దాటితే తీసేస్తామని పార్టీకి ముందే చెప్పండి.

డైరీ పారెయ్యమని మాత్రం అనను. ఒక సీజన్ రెండూ నడపండి.

ప్రశ్న: మా ఆడిటర్ ఆఫీసులో ఎనిమిదేళ్ల మెయిళ్లన్నీ సార్ డెస్క్‌టాప్‌లో అవుట్‌లుక్‌లో ఉన్నాయి. వెబ్‌సైట్ హోస్టింగ్‌తో పాటు ఇచ్చిన మెయిల్ అది. ఫోన్లో చూస్తే ఇవాళ్టివి తప్ప ఏమీ కనపడవు. పెద్ద సర్వీసుకి మారదామంటే సార్ భయపడుతున్నారు, పాతవి పోతాయేమోనని. (వరంగల్)

జవాబు: సార్ భయపడాల్సింది మారితే కాదు, మారకపోతే. మీ అవుట్‌లుక్ పాప్ పద్ధతిలో పెట్టి ఉంది, అంటే సర్వర్ నుంచి మెయిల్ దింపుకుని అక్కడ తుడిచేస్తోంది. ఎనిమిదేళ్ల ఉత్తరాలూ ఒకే ఒక్క పీఎస్టీ ఫైల్లో, ఒకే హార్డ్ డిస్క్ మీద ఉన్నాయన్నమాట. ఆ డిస్క్ పోతే అన్నీ పోతాయి. జవాబు చదవడం ఆపి ఆ ఫైల్‌ని ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేసుకు రండి, అవుట్‌లుక్ మూసేసి మరీ చెయ్యండి.

వచ్చారా. ఇప్పుడు మారే వరస. కొత్త సర్వీసులో అకౌంట్లు తెరిచి, పాత మెయిళ్లు అందులోకి ఎక్కించండి, పీఎస్టీ నుంచి ఎక్కించే పనిముట్లు గూగుల్‌కీ మైక్రోసాఫ్ట్‌కీ ఉన్నాయి. డొమైన్‌లో టీటీఎల్ అని ఒక అంకె ఉంటుంది, పాత అడ్రస్‌ని బయటి సర్వర్లు ఎంతసేపు గుర్తుపెట్టుకోవాలో చెప్పేది, దాన్ని ఒకటి రెండు రోజుల ముందే తగ్గించండి. తర్వాత ఒక శనివారం సాయంత్రం ఎమ్మెక్స్ మార్చండి. మార్చాక కొన్ని గంటలు కొన్ని మెయిళ్లు పాతచోటికి, కొన్ని కొత్తచోటికి వస్తాయి, అందుకని పాత హోస్టింగ్ కనీసం ఒక నెల ఉంచి రెండూ చూస్తుండండి. మార్చేటప్పుడు అక్షరాలు రెండుసార్లు చదవండి. నేనే ఒకప్పుడు ఒక నర్సింగ్ హోమ్‌కి చేస్తూ ఒక్క అక్షరం తప్పు కొట్టి ఇంటికెళ్లి పడుకున్నా, పొద్దున్నే ల్యాబ్ రిపోర్టులు రాలేదని ఫోన్ల మీద ఫోన్లు.

ఆడిటర్ ఆఫీసు కాబట్టి తేదీలు చూసుకోండి. నెలలో 11కి జీఎస్టీఆర్ 1, 20కి 3బీ రిటర్న్‌ల గడువులు, ఆ దగ్గర్లో వద్దు, జూలై సెప్టెంబర్ నెలలైతే అసలే వద్దు. పైగా చాలామంది క్లయింట్లకి జీఎస్టీ, ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టళ్లలో మెయిల్ ఐడీ కింద మీ ఆఫీసు మెయిలే ఇచ్చి ఉంటారు, నాకు తెలుసు, అందరూ అదే చేస్తారు. మెయిల్ రెండు గంటలు ఆగితే ఓటీపీలూ నోటీసులూ ఆగుతాయి. కొత్తచోట "నోటీసులు" అని ఒక గ్రూప్ అడ్రస్ పెట్టి ఇద్దరు ముగ్గురికి వెళ్లేట్టు చూడండి, సార్ ఒక్కరి డబ్బాలో పడి ఉంటే సార్ తిరుపతి వెళ్లిన వారంలోనే నోటీసు గడువు దాటుతుంది.

ప్రశ్న: సొంత డొమైన్‌తో మెయిల్ పెట్టుకుని ఏడాదైంది, బాగానే ఉండేది. రెండు నెలల క్రితం బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొన్నాం, ఇన్వాయిస్‌లు మా అడ్రస్ పేరుతోనే అదే పంపుతుంది. అప్పటినుంచి కస్టమర్లు మీ మెయిల్ స్పామ్‌లో ఉందంటున్నారు. మామూలుగా మేం రాసేవి కూడా స్పామ్‌లోకే పోతున్నాయి. (విజయవాడ)

జవాబు: బిల్లింగ్ వాళ్లు ఒక టెక్స్ట్ రికార్డ్ ఇచ్చి డొమైన్‌లో పెట్టమనుంటారు, మీరు పెట్టుంటారు. అక్కడే ఉంది తిరకాసు. ఆ రికార్డే ఎస్పీఎఫ్, అంటే మీ పేరుతో మెయిల్ పంపడానికి ఎవరెవరికి అనుమతి ఉందో చెప్పే జాబితా. అది ఒక డొమైన్‌కి ఒకటే ఉండాలి. మెయిల్ సర్వీసుది ఒకటి, బిల్లింగ్‌ది ఒకటి అని రెండు పెడితే, అవతలి సర్వర్ రెండింటినీ కలిపి చదవదు, మొత్తం చెల్లదని పక్కన పడేస్తుంది. అందుకే మీరు చేత్తో రాసినవి కూడా దెబ్బతిన్నాయి. రెండు లైన్లనీ కలిపి ఒకే రికార్డ్‌గా రాయండి, ఇంక్లూడ్ అని ఉన్న ముక్కలు రెండూ అందులోనే పక్కపక్కన. అలా అని ఎన్నంటే అన్ని తగిలించడం కుదరదు, వాటి కోసం వెతికే లుక్‌అప్‌లు 10 దాటకూడదని నిబంధన.

తర్వాత డీకిమ్, ప్రతి ఉత్తరం మీదా మీ సంతకం లాంటిది. ఇది ఒక డొమైన్‌కి ఎన్నైనా ఉండొచ్చు, మెయిల్ సర్వీసుది ఆన్ చేశారో లేదో చూసి, బిల్లింగ్ వాళ్లది కూడా అడిగి పెట్టుకోండి. మూడోది డీమార్క్, ఈ పరీక్షల్లో తప్పిన ఉత్తరాన్ని ఏం చెయ్యాలో అవతలి సర్వర్‌కి చెప్పేది. మొదట "నన్" (ఏమీ చెయ్యొద్దు) మీద పెట్టి, రిపోర్టులు చూసుకుంటూ అన్నీ పాస్ అవుతున్నాయని నమ్మకం కుదిరాక క్వారంటైన్‌కి (స్పామ్‌లో పడెయ్యి) మార్చండి. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ ఈ విషయంలో బిగించాయి, జీమెయిల్ అడ్రస్‌లకి రోజుకి 5000కి మించి పంపేవాళ్లకి మూడూ ఉండి తీరాలి. మీరు అంత పంపకపోయినా లేకపోతే నష్టం మీకే.

సరయ్యిందో లేదో ఎలా తెలుస్తుందంటే, మీ సొంత జీమెయిల్‌కి ఒకటి మీ ఆఫీసు మెయిల్ నుంచి, ఒకటి బిల్లింగ్ నుంచి పంపుకుని, మూడు చుక్కలు నొక్కి "షో ఒరిజినల్" చూడండి. పైన ఎస్పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడిటికీ ఎదురుగా పాస్ అని ఉంటే మీ వంతు అయిపోయినట్టే. మర్నాడే స్పామ్ ఆగిపోదు, రెండు నెలలు పాడైన పేరు కొన్ని వారాలకి గానీ బాగుపడదు.

ప్రశ్న: గ్రానైట్ బ్లాకులు పంపుతాం. మా బయ్యర్‌కి మా పేరుతో "మా బ్యాంకు అకౌంట్ మారింది, ఈ కొత్త దానికి వెయ్యండి" అని మెయిల్ వెళ్లింది. మా అసలు ఇన్వాయిస్ నంబర్, టన్నులు అన్నీ కరెక్టుగా ఉన్నాయి. ఆయన అనుమానమొచ్చి ఫోన్ చెయ్యబట్టి బతికిపోయాం. మా అడ్రస్‌లాగే ఉంది కానీ మా సెంట్ బాక్స్‌లో లేదు. (చీమకుర్తి)

జవాబు: ఆ బయ్యర్‌కి ఒక దండం పెట్టండి. ఇన్వాయిస్ వివరాలు కరెక్టుగా ఉన్నాయంటే మీ డబ్బాలోనో ఆయన డబ్బాలోనో ఎవరో కూర్చుని చదువుతున్నారన్నమాట. ముందు వచ్చిన మెయిల్ అడ్రస్‌ని అక్షరం అక్షరం చూడండి. ఇంగ్లిష్‌లో ఎమ్ అక్షరం బదులు ఆర్, ఎన్ పక్కపక్కన పెడితే ఫోన్లో తేడా కనపడదు, అలాంటి పేరుతో డొమైన్ కొనుక్కుని పంపుతారు.

తర్వాత మీ మెయిల్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఫార్వర్డింగ్, ఫిల్టర్లు, రూల్స్ తెరిచి చూడండి. దొంగ ఒకసారి లోపలికొచ్చాక చేసే మొదటి పని ఇదే, ఇన్వాయిస్, పేమెంట్ అన్న మాటలున్న మెయిళ్లు తనకి వెళ్లేట్టు, మీ ఇన్‌బాక్స్‌లో కనపడకుండా ఎవరూ తెరవని ఫోల్డర్‌లోకి పోయేట్టు రూల్ పెట్టిపోతాడు. పాస్‌వర్డ్ మార్చినా ఆ రూల్ పోదు! రూల్ తీసి, పాస్‌వర్డ్ మార్చి, అన్ని డివైజ్‌లూ సైన్ అవుట్ చేసి, అందరికీ టూ స్టెప్ పెట్టండి, ఈ వరసలోనే. యాప్ పాస్‌వర్డ్‌లు (వేరే ప్రోగ్రాంల కోసం విడిగా ఇచ్చినవి) పాతవేమైనా ఉంటే అవీ తీసెయ్యండి. బయ్యర్‌ని కూడా ఇదంతా చేసుకోమనండి.

ఇన్వాయిస్ కిందే "మా బ్యాంకు వివరాలు మెయిల్‌లో మార్చం, మార్పు ఉందని ఎవరైనా రాస్తే పాత నంబర్‌కి ఫోన్ చెయ్యండి" అని అచ్చేయించండి. పాత నంబర్ అని ఎందుకంటున్నానంటే దొంగ మెయిల్‌లో కొత్త ఫోన్ నంబర్ కూడా ఉంటుంది, దానికి చేస్తే వాడే ఎత్తి అవునండీ అంటాడు. ఇక్కడెవరికైనా డబ్బు నిజంగా వెళ్లిపోతే బ్యాంకుకి చెప్తూనే 1930కి ఫోన్ చెయ్యాలి, గంటల లెక్కలో కాదు నిమిషాల లెక్కలో.

ప్రశ్న: డాలస్‌లో ఉన్న మా క్లయింట్ వారానికోసారి మీటింగ్ పెడతారు, సాయంత్రం 6.30కి. నవంబర్ రాగానే దానంతటదే 7.30కి మారిపోయింది. ఎవరు మార్చారని అడిగితే ఎవరూ మార్చలేదంటున్నారు. (హైదరాబాద్)

జవాబు: మార్చింది అమెరికా. నవంబర్ మొదటి ఆదివారం వాళ్లు గడియారం గంట వెనక్కి తిప్పుకుంటారు, మార్చి రెండో ఆదివారం ముందుకి తిప్పుకుంటారు. మీటింగ్ పెట్టింది డాలస్‌లో కాబట్టి వాళ్ల పొద్దున 8 గంటలకే అది కట్టుబడి ఉంటుంది, మనకి మారుతుంది. మీకు 6.30కే కావాలంటే ఇండియా టైమ్‌జోన్‌లో మీరే ఇన్వైట్ పంపండి, అప్పుడు చలికాలంలో వాళ్లకి 7 అవుతుంది, ఒప్పుకుంటారో లేదో మీ అదృష్టం. లండన్ వాళ్లతో కూడా కాల్స్ ఉంటే ఇంకా జాగ్రత్త, వాళ్లు తిప్పుకునేది మార్చి చివరి ఆదివారం, అక్టోబర్ చివరి ఆదివారం. ఆ మధ్య వారాల్లో ముగ్గురూ కలిసే మీటింగ్‌కి ఎవరో ఒకరు ఆలస్యంగా వస్తారు, తిట్టకండి.

ప్రశ్న: మా డయాగ్నస్టిక్ సెంటర్‌లో ఇన్ఫో మెయిల్ ఒకటే, పాస్‌వర్డ్ ఆరుగురికీ తెలుసు. ఒకే పేషెంట్‌కి ఇద్దరు రెండు రకాలుగా జవాబిచ్చారు. (కర్నూలు)

జవాబు: ఆరుగురికీ తెలిసిన పాస్‌వర్డ్ ఏడోవాడికీ తెలిసుంటుంది, పైగా పేషెంట్ల రిపోర్టులున్న డబ్బా అది. మైక్రోసాఫ్ట్‌లో షేర్డ్ మెయిల్‌బాక్స్ అని ఉంది, 50 జీబీ దాకా దానికి విడిగా లైసెన్స్ అక్కర్లేదు, ఎవరి లాగిన్‌తో వాళ్లొచ్చి చూస్తారు. గూగుల్‌లో అయితే గ్రూప్స్‌లో కొలాబరేటివ్ ఇన్‌బాక్స్, దాంట్లో ఫలానా ఉత్తరం ఫలానావాళ్లది అని అప్పజెప్పొచ్చు, మీ రోగానికి అదే మందు. ఎవరైనా మానేస్తే వాళ్ల లాగిన్ ఆపితే చాలు, ఆరుగురికీ కొత్త పాస్‌వర్డ్ చెప్పుకుంటూ తిరగక్కర్లేదు. అయితే తొందరపడి వాళ్ల అకౌంట్ డిలీట్ చెయ్యకండి, ముందు సస్పెండో బ్లాకో చేసి మెయిళ్లు, ఫైళ్లు, క్యాలెండర్ ఇంకొకరికి మార్చుకోండి. డిలీట్ చేశాక గూగుల్‌లో 20 రోజులు, మైక్రోసాఫ్ట్‌లో 30 రోజుల్లోపే వెనక్కి తెచ్చుకోగలరు.

ప్రశ్న: నవ్వకండి. మా నాన్నగారు రాహుకాలంలో ఎవరినీ కలవరు, సంతకం పెట్టరు. ఆఫీసు క్యాలెండర్‌లో రాహుకాలం కనిపించేట్టు చెయ్యొచ్చా? (నెల్లూరు)

జవాబు: నవ్వలేదండీ, మా ఆఫీసులోనూ ఉంది. గూగుల్ ఇచ్చే ఇండియా సెలవుల క్యాలెండర్‌లో పండగలుంటాయి గానీ రాహుకాలం ఉండదు. విడిగా ఒక క్యాలెండర్ తెరిచి వారానికోసారి రిపీట్ అయ్యేట్టు ఏడు ఎంట్రీలు పెట్టండి, సోమవారం 7.30 నుంచి 9, మంగళవారం మధ్యాహ్నం 3 నుంచి 4.30, బుధవారం 12 నుంచి 1.30, గురువారం 1.30 నుంచి 3, శుక్రవారం 10.30 నుంచి 12, శనివారం 9 నుంచి 10.30, ఆదివారం సాయంత్రం 4.30 నుంచి 6. నాన్నగారు సూర్యోదయం చూసి నిమిషాలతో సహా లెక్కగట్టే మనిషైతే ఇది ఒప్పుకోరు, అప్పుడు పంచాంగమే గతి. ఆ క్యాలెండర్ ఆఫీసులో అందరికీ చూసే అనుమతితో షేర్ చేస్తే చాలు. నాన్నగారి క్యాలెండర్‌లో నేరుగా పెడితే మాత్రం ఆ ఎంట్రీలు బిజీ అని ఉంచాలో ఫ్రీ అని ఉంచాలో ముందు ఆయన్నే అడగండి. బిజీ అని పెడితే శుక్రవారం పొద్దున్నే బ్యాంకు మేనేజర్ టైము అడిగినప్పుడు స్టాఫ్ ఆ గంటన్నర వదిలేసి మిగతాది చూపిస్తారు, కారణం ఎవరూ అడగరు. ఫ్రీ అని పెడితే ఆ మేనేజర్‌ని సరిగ్గా 10.30కి ఆయన గదిలో కూర్చోబెడతారు.